పైజీతం లాభంతో ముడి, కింది కూలి గెజిట్‌తో ముడి

(మిర్యాలగూడలో రైస్ మిల్లు హమాలీలు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది, డిగ్రీ విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక సభలో, కార్మిక శాఖలో పనిచేసి రిటైరైన ఒక అధికారి మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మాట తీరు అట్లనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఎనక కూసున్నోళ్లకు వినపడుతున్నదా? ఫ్యాన్ల చప్పుడు బాగున్నది, కానీ బంద్ చెయ్యమంటే మీరే నన్ను తిడతరు. ఉండనియ్యండి, నేనే గట్టిగా మాట్లాడుత.

కనీస వేతనాల గురించి చెప్పమని పిలిచిన్రు. చెప్త. కానీ అదొక్కటే చెప్తే సగం కథనే. కింది మనిషికి ఎంతకు తగ్గొద్దు అని చెప్పే చట్టం ఉన్నట్టే, పై మనిషి ఎంతకు మించి తీసుకోవద్దు అని చెప్పే చట్టం కూడా ఒకటున్నది. ఉన్నదని ఎంతమందికి ఎరుక? కామర్స్ పిల్లలు చేతులెత్తిన్రు. శభాష్. హమాలీ అన్నలు ఒక్కలు కూడా ఎత్తలే. ఎత్తరు, ఎందుకంటే మీకు ఎవ్వరూ చెప్పలే. ఇయ్యాల ఈ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చదువుదాం. పక్కపక్కన పెడితేనే అసలు సంగతి కనపడతది.

ముందు పైది. కంపెనీల చట్టం, 2013. అందులో 197వ సెక్షన్. పబ్లిక్ కంపెనీ అయితే (సర్కారు కంపెనీ అని కాదు, జనానికి వాటాలు అమ్ముకోగల కంపెనీ), డైరెక్టర్లు, మేనేజింగ్ డైరెక్టర్, మేనేజర్ అందరికీ కలిపి ఇచ్చే జీతభత్యాలు ఆ ఏడాది నికర లాభంలో 11 శాతం దాటొద్దు. ఒక్క మేనేజింగ్ డైరెక్టరే ఉంటే ఆయనకు 5 శాతం. అసొంటోళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే అందరికీ కలిపి 10 శాతం. ఊరికే మీటింగులకొచ్చి పోయే డైరెక్టర్లకు కలిపి 1 శాతం. వినడానికి మంచి కట్టుబాటు లెక్కనే ఉన్నది గదా? హద్దు గీసిన్రు అనిపిస్తది.

ఇగ లెక్క చేద్దాం. ఒక కంపెనీకి ఏడాదికి 100 కోట్ల నికర లాభం అనుకోండి. లెక్క కోసం అంటున్న, ఏ కంపెనీ పేరూ మనసులో పెట్టుకోకండి. 5 శాతం అంటే మేనేజింగ్ డైరెక్టర్‌కు ఏడాదికి 5 కోట్ల దాకా ఇయ్యొచ్చు. అదే కంపెనీలో కాంట్రాక్టు కింద ఊడ్చే అక్కకు నెలకు 12 వేలు అనుకుందాం. ఇదీ లెక్క కోసమే. ఆమెకు ఏడాదికి 1,44,000. ఆయనది ఆమె కంటే 347 రెట్లు. రోజు లెక్కన చూస్తే ఆయనకు రోజుకు 1,36,986 రూపాయలు, ఆదివారాలు పండుగలు అన్నీ కలుపుకొని. ఏప్రిల్ 1న ఇద్దరి ఖాతాలు ఒకేసారి తెరిస్తే, ఆమె వచ్చే మార్చి దాకా ఊడ్చి సంపాదించేది ఆయన ఏప్రిల్ 2 తెల్లారేలోపే సంపాదిస్తడు.

ఇది నేరమా? కాదు. చట్టం హద్దు లోపలనే ఉన్నది. ఆ పెద్దమనిషి మంచోడా చెడ్డోడా అనేది నా విషయం కాదు, మంచోడే కావచ్చు. నేను అడిగేది ఇదీ: వచ్చే ఏడాది లాభం 200 కోట్లయితే ఏమైతది? 5 శాతం అంటే 10 కోట్లు. చట్టం ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేదు, హద్దు దానంతట అదే పైకి జరుగుతది. మరి ఆ అక్క 12 వేలు? లాభం రెండింతలైనా, మూడింతలైనా, ఆమె కూలి దానంతట అది ఒక్క రూపాయి జరగదు. ఎందుకు జరగదు? ఆమె కూలిని లాభంతో ముడెయ్యలే. దేంతో ముడేసిన్రో చెప్త, ఆగండి.

పైదాంట్ల ఇంకొంచెం ఉన్నది. 11 శాతం దాటాలంటే మొదట్ల ఢిల్లీకి, కేంద్ర ప్రభుత్వం దగ్గరికి పోయి అనుమతి తెచ్చుకోవాల్సి ఉండె. 2017లో చట్టాన్ని సవరించిన్రు, 2018 సెప్టెంబరు నుంచి అది అమలైంది. ఇప్పుడు ఢిల్లీకి పోయే పని లేదు. వాటాదారుల మీటింగులో స్పెషల్ రిజల్యూషన్ అయితే చాలు. అంటే ఓటేసినోళ్లలో నాలుగింట మూడు వంతులు ఒప్పుకోవాలె. కంపెనీ బ్యాంకు అప్పు కట్టకుండా ఎగ్గొట్టి ఉంటే మాత్రం ముందుగాల ఆ బ్యాంకును అడగాలె. మంచిదే. వాటాదారుణ్ని అడగాలె, బ్యాంకును అడగాలె. పనిచేసేటోణ్ని అడగాలె అని ఎక్కడన్న ఉన్నదా? నేను మూడుమార్లు చదివిన, దొరకలే. పిల్లలు, మీరు చదివి చూడండి, దొరికితే నాకు చెప్పండి.

ఇంకో మాట. లాభమే రాకపోతే? నష్టమొస్తే పెద్దసారు జీతం సున్నా అయితదా? కాదు. అదే చట్టం ఎనక షెడ్యూల్ 5 అని ఒకటున్నది. లాభం లేకున్నా, చాలకున్నా, కంపెనీ పెట్టుబడిని బట్టి ఇంత ఇయ్యొచ్చు అని అందులో పట్టిక. 5 కోట్ల లోపు పెట్టుబడైతే ఏడాదికి 60 లక్షలు. 5 కోట్ల నుంచి 100 కోట్ల దాకా 84 లక్షలు. స్పెషల్ రిజల్యూషన్ ఉంటే ఇంకా పైకి. అంటే లాభమొస్తే శాతం, నష్టమొస్తే పట్టిక. నేను దీన్ని తప్పు పడతలేను. కష్టంల ఉన్న కంపెనీని నడిపించే మనిషికి కూడా ఇల్లు గడవాలె గదా. ఆ దయ కింద ఊడ్చే అక్క మీద కూడా ఉన్నదా లేదా, అదీ ప్రశ్న.

ఉన్నది. నిజంగనే ఉన్నది. సుప్రీంకోర్టు 1961లో ఉనిచోయి వర్సెస్ కేరళ అనే కేసులో చెప్పింది: యజమానికి ఇచ్చే తాకత్ ఉన్నదా లేదా అనేది కనీస వేతనంల లెక్కలోకే రాదు. అది పెంకు ఫ్యాక్టరీల మీద వచ్చిన కేసు. మాకు గిట్టుబాటు కాదు, మూసుకోవాల్సి వస్తది అని యజమానులు మొత్తుకున్నరు. అంతకుముందే క్రౌన్ అల్యూమినియం కేసుల కోర్టు ఇంకా గట్టిగా అన్నది, కనీస వేతనం కూడా ఇయ్యలేని పరిశ్రమకు బతికే హక్కు లేదని. ఇక్కడ మిల్లు ఓనర్లు ఎవరన్న ఉంటే కోపం తెచ్చుకోకండి, నేనన్న మాట కాదు, కోర్టు అన్నది. మీ కష్టం నాకు ఎరుకే. కరెంటు బిల్లు ఆగదు, బ్యాంకు వాడు ఆగడు. కానీ కరెంటోడికి తాకత్ లేదు అని చెప్పి సగం బిల్లు కడతరా? కట్టరు గదా.

సరే, ఇగ కిందికి వద్దాం.

కనీస వేతనాల చట్టం 1948. దాని బిల్లును మొదలు పెట్టింది ఎవరో తెలుసా? 1946 ఏప్రిల్‌లో, వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్న డాక్టర్ అంబేద్కర్. రాజ్యాంగం రాసిండని అందరికీ ఎరుకే. ఈ బిల్లు సంగతి మాత్రం తక్కువ మంది చెప్తరు. స్వాతంత్ర్యం వచ్చినంక 1948 మార్చిలో అది చట్టమైంది.

ఆ కాలం యాదికి తెచ్చుకోండి. 1946ల మన నల్లగొండ ఎట్లున్నది? దొర గడీకి వెట్టి. చాకలోళ్లు, మంగలోళ్లు, కుమ్మరోళ్లు, మాదిగోళ్లు, ఎవ్వరికి వాళ్ల వంతు వెట్టి. సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, వచ్చి కొట్లాడినప్పుడు అడిగిన వాటిల్ల వెట్టి రద్దొకటి, భూమొకటి, కూలి రేటు పెంచుడొకటి. జీతగాళ్ల గింజల కొలత దగ్గర నుంచి కైకిలి రేటు దాకా పంచాయితీలు పెట్టి తేల్చిన్రు. ఢిల్లీల కాగితం మీద చట్టం తయారవుతున్న రోజులల్లనే ఇక్కడ జనం కూలి రేటు వాళ్లే నిలబడి రాయించుకుంటున్నరు. ఈ ఊర్లల్ల పెద్దమనుషులు ఇంకా ఉంటే అడిగి చూడండి.

ఈ వెట్టి మాట ఇంకోసారి వస్తది, సుప్రీంకోర్టు నోటి నుంచే వస్తది. పాలమూరోళ్లు ఎవరన్న ఉన్నరా ఇక్కడ? ఉన్నరు. ఇది మీ కథ లెక్కనే ఉంటది, వినండి. 1982లో ఢిల్లీల ఏషియన్ గేమ్స్. స్టేడియాలు, ఫ్లైఓవర్లు, హోటళ్లు కట్టాలె. కూలీలను ఎక్కడెక్కడి నుంచో జమాదార్లు పట్టుకొచ్చిన్రు. మన దిక్కు గుంపు మేస్త్రీ అంటం చూడండి, వాడే వాడు. అప్పుడు కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్ ఆ పైసలు జమాదారు చేతికిచ్చేది. జమాదారు తలకు ఒక్క రూపాయి కమీషన్ పట్టుకొని 8 రూపాయల 25 పైసలు కూలోడి చేతిల పెట్టేది. ఒక్క రూపాయి. పాలమూరోళ్లు నవ్వుతున్నరు, ఎందుకు నవ్వుతున్నరో నాకు ఎరుకే.

ఒక పౌరహక్కుల సంఘం జస్టిస్ భగవతికి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నరు. తీర్పుల ఏమన్నరు? రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని, బలవంతపు చాకిరిని నిషేధించింది. ఎవరన్న కనీస వేతనం కంటే తక్కువకు పనిచేస్తున్నడంటే వానికి ఆకలి ఉన్నది, వేరే దారి లేదు, అందుకే చేస్తున్నడు. ఆకలి బలవంతం కూడా బలవంతమే. కాబట్టి కనీస వేతనానికి తక్కువ ఇచ్చి చేయించుకునే పని 23వ అధికరణ కింద వచ్చే చాకిరే. కొరడా పట్టుకోవాల్సిన పని లేదు, తాళ్లతో కట్టెయ్యాల్సిన పని లేదు. తక్కువ కూలి ఇచ్చినవంటే చాలు. నా సర్వీసంతా ఈ తీర్పును సంచిల పెట్టుకొని తిరిగిన. ఎవరన్న "ఆయనే ఒప్పుకొని చేస్తున్నడు సార్, మాకేం సంబంధం" అంటే ఇదే తీసి చూపెట్టేటోణ్ని. నువ్వు ఒప్పుకున్నా చెల్లదు. తక్కువకు చేస్త అని సంతకం పెట్టి కాగితం ఇచ్చినా, ఆ కాగితం చెల్లదని చట్టంలనే రాసి ఉన్నది.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. ఆ కనీస కూలి ఎంత అనేది ఎట్ల కడతరు? దేంతో ముడేస్తరు?

తిండితోటి. 1957లో భారత కార్మిక సదస్సు పదిహేనవ సమావేశంలో సర్కారు, యజమానులు, కార్మిక సంఘాలు ముగ్గురు కూసొని సూత్రం పెట్టుకున్నరు. మనిషికి రోజుకు 2,700 కేలరీల తిండి. ఏడాదికి మనిషికి 18 గజాల బట్ట, నలుగురికి 72 గజాలు. ఇంటి కిరాయి. మొత్తం కూలిలో 20 శాతం వంటచెరుకు, దీపం, మిగతా ఖర్చులకు. తర్వాత 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసుల సుప్రీంకోర్టు ఇంకో 25 శాతం కలపాలన్నది. పిల్లల చదువు, దవాఖాన, పండుగ పబ్బం, ముసలితనం, పెండ్లిళ్లు వీటికి.

ఇందుల ఒక తమాషా ఉన్నది, ఆడవాళ్లు వినాలె. కుటుంబాన్ని యూనిట్ల లెక్క కట్టిన్రు. సంపాదించే మొగోడు 1 యూనిట్. ఇద్దరు పిల్లలు చెరి 0.6. భార్య ఎంత? 0.8. మొత్తం 3. నాట్లేసి, కలుపు తీసి, ఇంటికొచ్చి పొయ్యి ముట్టించే ఆడామెకు తిండి 0.8 సరిపోతదట! తల్లిదండ్రులు? వాళ్లకు సున్నా. లెక్కల వాళ్లు లేనే లేరు. మన ఇండ్లల్ల ముసలోళ్లు లేని ఇల్లు ఎన్ని ఉన్నయి చెప్పండి. 2019లో అనూప్ సత్పతి కమిటీ అని కేంద్రం వేసిన కమిటీ ఈ 3ను 3.6 చెయ్యమన్నది. కానీ కేలరీలను 2,400కు తగ్గించింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పట్టుకున్నట్టే. ఆ కమిటీ లెక్క కట్టి చెప్పింది 2018 జులై ధరల మీద రోజుకు 375 రూపాయలు. మరి కేంద్రం అప్పుడు దేశమంతటికీ ఇంతకు తగ్గొద్దు అని చెప్తున్న రేటు ఎంత? 176. తర్వాత రెండు రూపాయలు పెంచి 178 చేసిన్రు. సొంత కమిటీ చెప్పిన దాంట్ల సగం కూడా కాదు.

పైన 5 శాతం అనేది ఎవ్వరూ కమిటీ వేసి తగ్గించలే గదా? పైన పెద్దసారు ఎన్ని కేలరీలు తింటడో ఎవరన్న లెక్క కట్టిన్రా? ఆయన భార్య 0.8 యూనిట్ అని ఎవరన్న రాసిన్రా? నవ్వకండి, నేను సీరియస్‌గనే అడుగుతున్న. ఒకరి జీతం కట్టేటప్పుడు ఎంత సంపాదించి పెట్టిండని చూస్తరు. ఇంకొకరి కూలి కట్టేటప్పుడు ఎంత తింటే చావకుండా ఉంటరని చూస్తరు. లాభం వచ్చినప్పుడు అందులో బస్తా మోసిన చెయ్యి లేదా?

సరే, తిండి లెక్కనన్న సక్కగ అమలు చేస్తే కొంత నయమే. అక్కడ గెజిట్ వస్తది. కూలి పెరగాలంటే సర్కారు ప్రతిపాదన పెట్టాలె, అభ్యంతరాలు పిలవాలె, సలహా మండలిలో మాట్లాడాలె, అప్పుడు జీవో ఇయ్యాలె, ఆ జీవో గెజిట్‌లో అచ్చు కావాలె. అచ్చయితేనే అది చట్టం, లేకుంటే ఉత్త కాగితం. ఐదేండ్లు దాటకుండా రేట్లు సవరించాలె అని చట్టంల ఉన్నది. మన తెలంగాణల ఏమైంది? 2021 జూన్ 30న ఐదు జీవోలు వచ్చినయి, 21 నుంచి 25 దాకా నంబర్లు. కూలి పెరిగింది అని పేపర్లల్ల వచ్చింది, కొందరు స్వీట్లు కూడా పంచుకున్నరు. గెజిట్‌లో అచ్చు చెయ్యలే. ఎందుకు అచ్చు చెయ్యరు అని హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. సంతకం అయిన కాగితాన్ని ప్రెస్సుకు పంపుమని అడగడానికి హైకోర్టు! పైన లాభం లెక్క తేలంగనే హద్దు పెరుగుతది. కింద సంతకమైనా పెరగదు. అదే నేను మొదట ఆగండి అని చెప్పింది.

మరి ఇన్నేండ్లు కూలి అస్సలు పెరగలేదా అంటే, కొంత పెరిగింది. కరువు భత్యం ఉన్నది, వీడీఏ అంటరు. ధరల సూచీ పెరిగిన కొద్దీ పాయింటుకు ఇన్ని రూపాయలని ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న కలుస్తది. ఇది మీరు అడిగి తీసుకోవాల్సింది. చాలామంది కాంట్రాక్టర్లు బేసిక్ మాత్రం ఇచ్చి వీడీఏ మింగుతరు. జీతం చీటీల ఆ గడి ఖాళీగ ఉన్నదంటే అడగండి.

ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది. వేతనాల కోడ్ 2019ల చేసిన్రు, 2025 నవంబరు 21 నుంచి అమలుల పెట్టిన్రు. మంచీ ఉన్నది, చెడూ ఉన్నది. మంచి ఏంది? ఇదివరకు పాత చట్టం షెడ్యూల్‌లో, అంటే జాబితాల, పేరున్న పనులకే కనీస వేతనం. ఇప్పుడు అన్ని పనులకూ. కేంద్రం ఫ్లోర్ వేజ్ పెట్టాలె, ఏ రాష్ట్రమూ దానికంటే కిందికి పోవద్దు, ఇప్పటికే ఎక్కువుంటే తగ్గించొద్దు. ఇదివరకు తక్కువ ఇచ్చిన్రని దరఖాస్తు పెట్టుకునేందుకు ఆరు నెలలే గడువు, ఇప్పుడు మూడేండ్లు. ఇచ్చినం అని రుజువు చేసుకునే బాధ్యత యజమాని మీదనే. ఎగ్గొట్టిన దాని మీద పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఉన్నది. జరిమానా పాత చట్టంల ఎంతుండెనో తెలుసా? 500 రూపాయలు! ఇప్పుడు 50 వేల దాకా.

చెడు ఏంది? ఇదివరకు మేం ఇన్‌స్పెక్టర్లం. ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్. కేసు పెట్టేముందు యజమానికి ఒక అవకాశం ఇయ్యాలె, ఫలానా తేదీలోపు సరిదిద్దుకో అని రాసియ్యాలె. సరిదిద్దుకుంటే కేసు లేదు. ఐదేండ్లల్ల మళ్లీ అదే తప్పు చేస్తేనే అవకాశం లేదు. మొదటి తప్పుకు జైలు లేదు. హెల్మెట్ లేకుండ దొరికితే మీకు ఇట్ల ముందుగాల చెప్పి విడిచిపెడతరా?

ఇగ పిల్లల కోసం ఒక సంగతి, కానీ పెద్దలు కూడా వినాలె, ఇదే నా అసలు బాధ. స్టాక్ మార్కెట్‌ల ఉన్న ప్రతి కంపెనీ తన వార్షిక నివేదికల ఒక నిష్పత్తి అచ్చెయ్యాలె. డైరెక్టర్ జీతం మధ్యగత ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లు అని. 197వ సెక్షన్లనే ఉన్నది, పన్నెండో ఉపసెక్షన్. మధ్యగతం అంటే సగటు కాదు. ఈ హాల్లో అందరినీ జీతం ప్రకారం వరుసల నిలబెడితే సరిగ్గా నడుమ నిలబడ్డ మనిషి జీతం. మంచి ఆలోచన. కానీ వరుసల ఎవర్ని నిలబెడుతున్నరు? కంపెనీ రోల్‌లో ఉన్నోళ్లనే. కాంట్రాక్టర్ కింద ఉన్నోళ్లు వరుసల లేరు.

మన లెక్కనే తీసుకుందాం. రోల్‌లో 100 మంది, నడుమ మనిషికి నెలకు 50 వేలు. కాంట్రాక్టు కింద 300 మంది, 12 వేల చొప్పున. మేనేజింగ్ డైరెక్టర్‌కు ఏడాదికి 5 కోట్లు. నివేదికల ఏమొస్తది? 83 రెట్లు. ఆ 300 మందిని కూడా వరుసల నిలబెడితే నడుమ మనిషి కాంట్రాక్టోడే అయితడు, అప్పుడు 347 రెట్లు. అదే కంపెనీ, అదే గేటు, అదే జీతాలు. వరుసల నుంచి మనుషులను పక్కకు జరిపితే 347 కాస్త 83 అయితది. వాడపల్లి, మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు, చౌటుప్పల్, పోలేపల్లి దిక్కు మందుల ఫ్యాక్టరీలు చూస్తరు గదా. పొద్దున షిఫ్టుకు గేటు ముందట నిలబడి చూడండి, ఎంతమంది కాంట్రాక్టర్ ఇచ్చిన కార్డుతోటి లోపలికి పోతరో. చట్టంల ఒక్క వాక్యం కలిపితే చాలు, ఆ గేటు లోపల పనిచేసే ప్రతి మనిషినీ వరుసల నిలబెట్టాలని.

మన రైస్ మిల్లులకు ఇది వర్తించదు, అడిగేముందే చెప్తున్న. ఎక్కువగా భాగస్వామ్య సంస్థలు, సొంతోళ్లయి. వాళ్లు ఎంత తీసుకున్నా హద్దు లేదు, చెప్పాల్సిన పని లేదు. పబ్లిక్ కంపెనీకే హద్దు, లిస్టెడ్ కంపెనీకే నిష్పత్తి.

అయితే పైన గట్టిగ గీత గీస్తే అయిపాయె గదా సార్ అని మొన్న ఒక కాలేజీల పిల్లడు అడిగిండు. అంత సులువు కాదు తమ్ముడూ. అమెరికాల 1993ల చేసిన్రు. పెద్దాఫీసర్‌కు పది లక్షల డాలర్లు దాటి జీతమిస్తే ఆ ఎక్కువ సొమ్ము మీద కంపెనీకి పన్ను మినహాయింపు లేదన్నరు. పనితీరును బట్టి ఇచ్చేదానికి మాత్రం మినహాయింపు ఉంచిన్రు. ఏమైంది? జీతం ఆడికే ఆగింది, షేర్ల రూపంల ఇచ్చేది కుప్పలు తెప్పలుగ పెరిగింది. 2017ల ఆ సందు మూసిన్రు. అదే అమెరికాల కేంద్ర కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు, 2009 జులై నుంచి అక్కడ్నే ఉన్నది. స్విట్జర్లాండ్‌ల 2013 నవంబరుల జనాన్నే అడిగిన్రు, పెద్ద జీతం చిన్న జీతానికి 12 రెట్లు దాటొద్దా అని. మూడింట రెండు వంతుల మంది వద్దు, అట్ల గీయొద్దన్నరు. జనం ఎప్పుడూ మనం అనుకున్నట్టే ఓటెయ్యరు.

మన దగ్గర ఇంకో సందున్నది. ముకేశ్ అంబానీ 2020-21 నుంచి జీతం తీసుకుంటలేడు. అంతకుముందు చాలా ఏండ్లు 15 కోట్ల దగ్గర ఆపుకున్నడు. పేపర్లల్ల గొప్పగ రాసిన్రు. జీతం సున్నా అయితే నిష్పత్తి కూడా సున్నానే గదా? మరి ఆయనకు వచ్చేది డివిడెండు, అంటే లాభంల నుంచి వాటాదారులకు పంచే సొమ్ము. వాటా ఉన్నోడికి జీతం అక్కర్లేదు. 197వ సెక్షన్ జీతాన్ని చూస్తది, డివిడెండును చూడదు. ఆయన్ని తిట్టడానికి చెప్తలేను, చట్టం ఎటు చూస్తదో ఎటు చూడదో చెప్తున్న.

వాటాదారులు గట్టిగ ఉంటే ఏమన్న అయితదా? అయితది. 2021 ఆగస్టుల ఐషర్ మోటార్స్ కంపెనీల మేనేజింగ్ డైరెక్టర్ జీతం పెంపు తీర్మానానికి నాలుగింట మూడు వంతుల ఓట్లు రాలే, పడిపోయింది. హద్దు తగ్గించుకొని మళ్లీ వచ్చిన్రు. అడ్డుపడింది ఎవరు? ఎక్కువగా మ్యూచువల్ ఫండ్లు, పెద్ద సంస్థలు. ఇప్పుడు వినండి. మీ జీతంల పీఎఫ్ కోస్తరు గదా? 2015 ఆగస్టు నుంచి ఆ పైసల్ల కొంత షేర్ మార్కెట్ ఫండ్లల్ల పెడుతున్నరు. అంటే పీఎఫ్ ఉన్న ప్రతి కార్మికుడు ఏదో ఒక పెద్ద కంపెనీల పావలా వాటాదారు. పెద్దసారు జీతానికి ఓటేసేటప్పుడు ఆ ఫండు వాడు మిమ్మల్ని అడుగుతడా? అడగడు. సంఘాల నాయకులు ఇక్కడున్నరు, ఈ సంగతి ఎప్పుడన్న మీ మీటింగుల మాట్లాడిన్రా? ఇగ మాట్లాడండి.

టైం అయిపోయిందని చీటీ ఇచ్చిన్రు. రెండు ప్రశ్నలకు చెప్పి దిగుత.

ఆ అన్న అడిగింది, మాది బస్తా లెక్క సార్, రోజు కూలి కాదు, మాకు కనీస వేతనం ఎట్ల వర్తిస్తది అని. బస్తా లెక్కయినా కనీస రోజు కూలి కంటే కిందికి పోవద్దు. మిల్లుకు వడ్లు రాలే, లారీ రాలే, నిన్ను పొద్దంత కూసోబెట్టిన్రు అనుకో, పని చెయ్యకుండ కూసున్నది నీ ఇష్టంతోటి కాదు గదా. ఆ రోజు కూలి నీకు రావాలె. అయితే రాసి పెట్టుకోవాలె, ఏ రోజు ఎన్ని గంటలకు వచ్చినవ్, ఎన్ని బస్తాలు ఎత్తినవ్. ఫోన్ల ఫోటో తీసి పెట్టుకున్నా సరే.

ఆ అక్క దవాఖానల శానిటేషన్‌ల పనిచేస్తదట. కాంట్రాక్టర్ రెండు నెలలు ఇయ్యలే, అడిగితే బిల్లు రాలే అంటున్నడు. అక్కా, బిల్లు వచ్చిందా రాలేదా అనేది వాళ్లిద్దరి సంగతి. నెల జీతం వచ్చే నెల 7వ తారీకులోపు ఇయ్యాలె. కాంట్రాక్టర్ ఇయ్యకుంటే అసలు సంస్థ ఇయ్యాలె, ఇచ్చి తర్వాత వాని దగ్గర వసూలు చేసుకోవాలె. దరఖాస్తు నువ్వొక్కదానివే పెట్టాల్సిన పని లేదు, అందరి తరఫున యూనియన్ పెట్టొచ్చు. కాంట్రాక్టర్ పేరొక్కటే రాయకు, దవాఖాన పేరు కూడా రాయాలె.

జీతం చీటీలు తెచ్చుకున్నోళ్లు ముందలికి రండి. పిల్లలు, క్యాలిక్యులేటర్లు తీయండి, ఒక్కొక్కరి దగ్గర కూసోండి. బేసిక్ ఎంత, వీడీఏ ఎంత, పీఎఫ్ కోసిండా కట్టిండా, ఈ మూడు చూడండి. చీటీ లేనోళ్లు ఆ కుడి దిక్కు బల్ల దగ్గర పేర్లు రాయించుకోండి. చీటీ ఇయ్యకపోవుడు కూడా తప్పే, దాంతోటే మొదలు పెడదాం.